బండి అడుగు చూశాకే అడ్వాన్సు

మొదటి ఉద్యోగం, మొదటి జీతం, ఏడాది తిరక్కముందే మొదటి కారు. బాలానగర్, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే యువతలో చాలామంది ఆలోచన ఇదే. కొత్తదాని ఈఎంఐ చూసి భయమేసి పదేళ్ల పాత బండి వైపు మొగ్గుతారు. అందులో తప్పేం లేదు. తప్పల్లా చూసే తీరులోనే ఉంది. రంగు మెరుస్తోందా, ఏసీ చల్లగా ఉందా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది... ఇంతవరకే చూసి ఫోన్లో అడ్వాన్సు కొట్టేస్తున్నారు. రంగు మళ్లీ వేయించొచ్చు, సీటు కవర్లు మార్చొచ్చు, మీటరు వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. అడుగు భాగాన్ని మాత్రం కొత్తదిలా చూపించడం అంత తేలిక కాదు. అందుకే ముందు అక్కడ చూడాలి.

హైదరాబాద్‌కు సముద్రం దూరం, గాలిలో ఉప్పు ఉండదు. ఇక్కడే తిరిగిన బండికి అడుగున అక్కడక్కడా పైపైన తుప్పు ఉండటం మామూలే. పొరలు పొరలుగా ఊడి వస్తుంటే మాత్రం అనుమానించాలి. ఆ బండి తీరప్రాంతంలో ఏళ్ల తరబడి తిరిగి ఉండొచ్చు, లేదా వరదలో నాని ఉండొచ్చు. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో మన నగరంలోనే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలా మునిగినవన్నీ తుక్కుకు పోవు. కడిగి, తుడిచి అమ్మకానికి పెట్టేవీ ఉంటాయి. ఆర్సీలో ఏ ఊరి చిరునామా ఉంది, బీమా క్లెయిములు ఏమున్నాయి అని అడగండి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి. చివర్లో బురద చార కనిపిస్తే సంగతి అర్థమైపోతుంది.

ఇక కింద ఏం చూడాలి? ఇవాళ్టి చిన్న కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింది రన్నింగ్ బోర్డులు, ముందూ వెనకా ఉండే రేకు దూలాలే బరువంతా మోస్తాయి. అక్కడ తుప్పు తింటే అది అందానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, లోపల తినేసిన రేకు డబడబమంటుంది. జాకీ పెట్టే చోట్లు, చక్రాల వెనక మూలలు, సస్పెన్షన్ బిగించిన చోట్లు తప్పక చూడండి. పెయింట్ మీద పొక్కులు లేచాయంటే తుప్పు లోపలి నుంచి వస్తున్నట్టే. పాత బండికి అడుగంతా తాజాగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే సంతోషించకండి. ఎందుకు కొట్టారో అడగండి.

అలాగని తుప్పు కనబడగానే పారిపోనక్కర్లేదు. సైలెన్సరు ఎర్రబడటం సహజం. చిరిగిన డ్రైవ్ షాఫ్ట్ బూట్లు, పగిలిన బుష్షులు, ఆయిల్ కారే షాకబ్జర్లు మార్చుకోదగ్గవే. ఖర్చెంతో కనుక్కుని ధరలో తగ్గించమనండి. బ్రేకు పైపులు గుంతలు పడేలా తుప్పుపడితే వాటిని మార్చేదాకా ఆ బండి రోడ్డెక్కకూడదు. బరువు మోసే భాగం చిల్లులు పడినా, దానిమీద అతుకుల వెల్డింగ్ కనబడినా బేరమే వద్దు. పైగా సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీలో నెగ్గితేనే మరో ఐదేళ్లకు రెన్యువల్ అవుతుంది. పన్నెండేళ్ల బండి కొనేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఇదంతా చూడాలన్న ఆత్రంలో జాకీ మీద లేపిన బండి కిందికి దూరొద్దు. జాకీ జారితే తప్పించుకునే టైము ఉండదు. ర్యాంపు ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. అదీ అమ్మేవారు చెప్పిన షెడ్డుకు కాదు, మీరు ఎంచుకున్న షెడ్డుకు. ‘ర్యాంపు ఎక్కించొద్దు, అంతా బాగుంది’ అని వాళ్లు అడ్డుపడితే దండం పెట్టి వచ్చేయండి. చూసిపెట్టిన మెకానిక్‌కు డబ్బులు ఇవ్వండి. లక్షలు పోసి కొనే వస్తువు దగ్గర ఆ గంట కూలికి గీచి బేరమాడటం పొదుపు కాదు.

ఈ పేజీ చదివే ఐటీఐ, డిప్లొమా విద్యార్థులకు ఇందులో ఇంకో మాట ఉంది. బాలానగర్ ఇనుముతో పెరిగిన ప్రాంతం. హెచ్‌ఏఎల్ ఇక్కడే ఉంది. పనిముట్ల డిజైన్ నేర్పే సీఐటీడీ 1968 నుంచి ఇక్కడే నడుస్తోంది. లోహాన్ని చూసి, తాకి, కొలిచి చెప్పడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు చదివినవారికి బాగుచేయడంతో పాటు పరీక్షించి చెప్పడమూ ఒక ఉపాధే. అయితే ఆ పనికి పెట్టుబడి నమ్మకం. అమ్మేవాడి దగ్గర కమీషన్ తీసుకున్న రోజున అది పోతుంది. చూసింది చూసినట్టు ఫొటోలతో సహా కాగితం మీద రాసిచ్చే అలవాటు చేసుకోండి. ఒక్కరు బాగుందంటే ఆఫీసులో పది మందికి చెబుతారు.

కొనే కుర్రాడు ఐటీలో ఉంటాడు, చూసే కుర్రాడు షెడ్డులో ఉంటాడు. ఇద్దరికీ మధ్య దూరం బాలానగర్ నుంచి హైటెక్ సిటీ అంత. ఈ శనివారం బండి చూడ్డానికి వెళ్తున్నవాళ్లు ముందు ఆ షెడ్డు కుర్రాడికి ఫోన్ చేయండి. అడ్వాన్సు ఒక రోజు ఆగినా నష్టమేం లేదు.