నవ్వని ప్రేక్షకుడు కావలెను

తెలుగు టీవీ కామెడీ మీద మనవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే: బూతు. నాకు ఆ ఫిర్యాదు మీద పెద్ద ఆసక్తి లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క నోరు తెరిస్తే వచ్చేదీ అదే. అయితే అక్కడ బొమ్మల ముందు ఊరి జనం కూర్చునేవాళ్లు. మాట పేలకపోతే గోల చేసేవాళ్లు, లేచి ఇంటికి పోయేవాళ్లు. ఇవాళ్టి షోలకి కరువైంది ఆ జనమే. నవ్వు రాకపోతే నవ్వకుండా కూర్చోగలిగిన మనిషి సెట్లో లేడు. అసలు జబ్బు అది.

'ఫ్రెండ్స్' చూసి పెరిగిన మన బ్యాచ్ ఇక్కడ అడ్డం పడుతుంది. 'అందులో నవ్వు మాత్రం నిజమా? డబ్బా నవ్వేగా!' అని. డబ్బా నవ్వు ఉన్నమాట నిజమే. 1950లలో ఛార్లెస్ డగ్లస్ అనే సీబీఎస్ ఇంజనీరు టేపుల మీద నవ్వులు పోగేసి ఓ పెట్టె తయారుచేశాడు. ఒక మీట నొక్కితే ముసిముసి నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. 1972లో 'మ్యాష్' మొదలైనప్పుడు, తీసినవాళ్లు వద్దంటున్నా ఛానల్ పట్టుబట్టి నవ్వు పెట్టించింది. ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం వద్దని వాళ్లు గట్టిగా పోరి సాధించుకున్నారు.

'ఫ్రెండ్స్' కథ వేరు. బర్‌బ్యాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో జనం ముందే తీశారు. టికెట్ ఉచితం, కానీ ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్ కోసం గంటల తరబడి కూర్చోవాలి. సీనుకీ సీనుకీ మధ్య జనం నీరసపడకుండా కబుర్లు చెప్పడానికి ఒక కమెడియన్. జోకు పేలకపోతే రైటర్లు అక్కడికక్కడే గుమిగూడి కొత్త లైను రాసేవాళ్లు, మళ్లీ తీసేవాళ్లు. 1998లో లండన్ ఎపిసోడ్‌లో చాండ్లర్ పక్కన దుప్పట్లోంచి మోనికా తల బయటికి రాగానే జనం ఆపకుండా అరిచారు. నాలుగు రోజుల ముచ్చటగా అనుకున్న ఆ జంటని ఆ అరుపు పెళ్లిదాకా తీసుకెళ్లింది. ఎడిటింగ్‌లో నవ్వుని పెంచడం, తగ్గించడం వాళ్లకీ ఉంది. కానీ కూర్చున్నవాళ్ల మౌనానికి అక్కడ ఒక విలువ ఉండేది. ఆ మౌనం రైటర్‌తో మళ్లీ రాయించేది.

మన దగ్గర? 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలైంది, నాగబాబు, రోజా జడ్జీలు. స్కిట్టు, మార్కులు, జడ్జి కుర్చీ: ఆ తర్వాత వచ్చిన చాలా షోలకి అదే మూస. పంచ్ పడటం ఆలస్యం, కెమెరా కుర్చీ మీదికి తిరుగుతుంది. కుర్చీలో మనిషి పడీపడీ నవ్వుతుంటే, ఇంట్లో సోఫాలో ఉన్నవాడికి 'ఓహో, ఇది జోకన్నమాట' అని అర్థమవుతుంది. ఆ నవ్వు కార్యక్రమంలో ఒక భాగం. అది జోకుని పరీక్షించదు, పాస్ చేసి పంపిస్తుంది.

ఇలాంటి షో ఒకదాని షూటింగుకి వెళ్లాను. పేరు అనవసరం. స్కిట్టు మొదలవకముందే మమ్మల్ని కూర్చోబెట్టి నవ్వించారు, నవ్వించారంటే 'నవ్వండి' అన్నారు. ఎదురుగా ఉన్నది ఖాళీ స్టేజీ. 'చప్పట్లు', 'ఇంకొంచెం గట్టిగా', 'ఆ ఎల్లో చుడీదార్ అమ్మాయ్, నవ్వమ్మా.' ఆ తర్వాత ఏ జోకుకి ఆ నవ్వు అతికిస్తారో మాకు తెలీదు. నల్లగా ఉన్నవాడి మీద వేసిన జోకుకి అతికించినా కాదనే వీలు లేదు.

నేను పోట్లాడేది ఇక్కడే. లావుగా ఉన్నావిడ, నత్తివాడు, మొగుడి చేత తన్నులు తినే పెళ్లాం, చీర కట్టుకున్న మగవాడు. మనకి చూపించే నవ్వంతా వీళ్ల మీద. ఈ జోకులు నిజంగా పేలాయో లేదో ఎవరికైనా తెలుసా? 'జనానికి ఇదే కావాలి' అంటారు. జనాన్ని అడిగిందెప్పుడు? వ్యూస్ లెక్క చూపిస్తారు. ఎంతసేపు చూశామో ఆ లెక్కకి తెలుసు. ఏ జోకు దగ్గర మొహం పక్కకి తిప్పుకున్నామో తెలీదు.

మన పద్యనాటకాల జనం ఇలా లేరు. రాగం నచ్చితే 'వన్స్‌మోర్' అని కేకేసి, యుద్ధం ముంచుకొస్తున్నా కృష్ణుడి చేత అదే పద్యం మళ్లీ పాడించుకునేవాళ్లు. కథ ఆగితే ఆగింది. నచ్చకపోతే ఈలలు. టికెట్ కొన్నవాడిదే పెత్తనం. అలాంటి ప్రేక్షకుల మనవలం ఇప్పుడు 'నవ్వమ్మా' అంటే నవ్వుతున్నాం.

'నచ్చకపోతే ఛానల్ మార్చుకో' అనేవాళ్లకి ఒక్కటే జవాబు. ఛానల్ మార్చినవాడు సెట్లో ఎవరికీ కనపడడు. ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నవాడు కనపడతాడు. కాబట్టి పాస్ దొరికితే వెళ్లండి. నవ్వొస్తే హాయిగా నవ్వండి. రాకపోతే, ఎవరు సైగ చేసినా సరే, నవ్వకండి. ఆ ఒక్క షాట్ వాడుకోలేక ఎడిటర్ కాస్త ఇబ్బంది పడనీయండి.