ఓనరు చెయ్యి ఆగితే జీతాలెవరిస్తారు?

ఫుట్‌బాల్ గురించి రాస్తున్నానంటే మా వాళ్ళు నవ్వుతారు. మనకి ఆట అంటే క్రికెట్టే కదా. కానీ శని, ఆదివారాలు రాత్రి నిద్ర మానుకుని ఇంగ్లీషు ప్రీమియర్ లీగ్ చూసే బాపతు జనం మన ఐటీ వాళ్ళలో బాగానే ఉన్నారు. నేనూ ఆ గుంపులో వాడినే. మొన్న కాంటీన్‌లో పక్క టేబుల్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు వాదించుకుంటున్నారు. "మా క్లబ్ ఓనర్ దగ్గర ఎంత డబ్బుందో తెలుసా, మాకేం ఢోకా లేదు" అంటాడొకడు. అది విన్న దగ్గర్నుంచీ ఈ టపా బుర్రలో తిరుగుతోంది.

ఓనరు దగ్గర ఎంతుందన్నది అసలు ప్రశ్నే కాదని నా వాదన. రేపు పొద్దున్న ఏ కారణం చేతైనా ఓనరు చెయ్యి ఆగిపోతే, ఆ నెల జీతాలు క్లబ్బు తన సంపాదనలోంచి ఇచ్చుకోగలదా లేదా? స్థిరత్వానికి నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే.

ఈ పరీక్ష నాకు పుస్తకాల్లో దొరకలేదు. నా రెండో ఉద్యోగం ఓ చిన్న కంపెనీలో. పెట్టుబడి పెట్టినాయన మంచివాడే, డబ్బున్నవాడే. ప్రతి నెలా ఆయన దగ్గర్నుంచి డబ్బొస్తే మాకు జీతాలు. ఓ నెల రాలేదు. ఆయనకి ఇంకో వ్యాపారంలో ఏదో చిక్కొచ్చిందట. మా ప్రాజెక్టుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా రెండు నెలలు ఇంటద్దె అప్పు చేసి కట్టాను. ఆయన కారు మాత్రం మారలేదు లెండి.

సరే, చెల్సీ సంగతి చూద్దాం. 2003లో రోమన్ అబ్రమోవిచ్ అనే రష్యన్ కుబేరుడు కొన్నాడు. 19 ఏళ్ళలో ఆయన క్లబ్బుకి ఇచ్చిన అప్పు దాదాపు 150 కోట్ల పౌండ్లు. ఆ డబ్బుతో కప్పుల మీద కప్పులు గెలిచారు. 2021లో యూరప్ చాంపియన్లు, 2022 ఫిబ్రవరిలో ప్రపంచ క్లబ్ చాంపియన్లు. సరిగ్గా నెల తిరక్కుండా, 2022 మార్చి 10న, ఉక్రెయిన్ యుద్ధం కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం అబ్రమోవిచ్ ఆస్తులన్నీ స్తంభింపజేసింది. ఆ ఆస్తుల్లో క్లబ్బూ ఒకటి!

అప్పటిదాకా వందల కోట్లు ఖర్చుపెట్టిన క్లబ్బుకి కొత్త టిక్కెట్లు అమ్మే వీల్లేదు, షాపులో ఓ చొక్కా అమ్మే వీల్లేదు. బయటి ఊరు మ్యాచ్‌కి ప్రయాణం ఖర్చు 20,000 పౌండ్లు దాటకూడదు. చొక్కా మీద పేరున్న స్పాన్సర్ తన పేరు తీసెయ్యమంది. అవసరమైతే ఏడు సీట్ల బండి తనే నడుపుకుంటూ వెళ్తానని కోచ్ టూకెల్ అన్నాడు. చివరికి మే నెలాఖరులో 250 కోట్ల పౌండ్లకి క్లబ్బు చేతులు మారింది కాబట్టి గండం గడిచింది. పెద్ద పేరు, లండన్లో చోటు, కొనేవాళ్ళు క్యూ కట్టారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు మనం మొదట వెతికేది ఏంటి? ఏ ఒక్కటి పడిపోతే మొత్తం పడిపోతుందో అది. సర్వర్ ఎంత ఖరీదైనదైనా ఒక్కటే ఉంటే రివ్యూలో ఒప్పుకోం. మరి ఓనర్ విషయంలో మాత్రం "పేద్ద సర్వర్ కదా, పర్లేదు" అనుకుంటున్నాం :-)

ఇహ మాంచెస్టర్ యునైటెడ్‌ది దీనికి తలకిందుల కథ. అక్కడ ఓనరు డబ్బు పెట్టడం కాదు, క్లబ్బే ఓనరు అప్పు మోస్తోంది. 2005లో అమెరికాకి చెందిన గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకి ఆ క్లబ్బుని కొంది. అందులో ఎక్కువ భాగం అప్పు తెచ్చిన డబ్బే. ఆ అప్పులో పెద్ద వాటా తెచ్చి క్లబ్బు నెత్తినే పెట్టారు. అంతకు ముందు ఆ క్లబ్బుకి అప్పన్నదే లేదు. మీ ఇల్లు నేను కొని, ఆ హోమ్‌లోన్ వాయిదాలు మీ చేత కట్టించినట్టన్నమాట. చట్టప్రకారం తప్పేం లేదు. ఇరవయ్యేళ్ళు వడ్డీలు కట్టాక కూడా, 2025లో ఆ అప్పు ఇంకా వందల మిలియన్ పౌండ్లలోనే ఉంది.

ఖర్చులు తగ్గించాల్సి వచ్చినప్పుడు ఎవరి మీద పడింది? 2024లో జిమ్ రాట్‌క్లిఫ్ కొంత వాటా కొని లోపలికొచ్చాక దాదాపు 250 ఉద్యోగాలు తీసేశారు. 2025లో ఇంకో 150 నుంచి 200 దాకా అన్నారు. ఉద్యోగుల ఉచిత మధ్యాహ్న భోజనమూ ఆపేశారు. లేఆఫ్ మెయిల్ కోసం భయపడుతూ ఇన్‌బాక్స్ తెరిచే మనకి ఈ ముక్క వేరే వివరించక్కర్లేదు.

(మన వెంకీస్ చికెన్ వాళ్ళు 2010లో కొన్న బ్లాక్‌బర్న్ రోవర్స్ కథ విడిగా ఓ టపాకి సరిపోతుంది. 1995లో లీగ్ గెలిచిన క్లబ్బు 2017లో మూడో అంచెకి పడిపోయింది. తర్వాతి ఏడాదే రెండో అంచెకి తిరిగొచ్చిందనుకోండి.)

"ఓనరు డబ్బు పెట్టకపోతే చెల్సీకి అన్ని కప్పులెక్కడివి?" అంటారా? నిజమే, కాదనను. అభిమాని బ్యాలెన్స్ షీట్ చూసి ఈలవెయ్యడు. జర్మనీలోలా సభ్యుల చేతిలోనే సగానికి పైగా ఓట్లుండాలన్న నియమం పెడితే అన్నీ సర్దుకుంటాయా అంటే అదీ పూర్తిగా కాదు. ఆ నియమం ఉండగానే బొరుస్సియా డార్ట్‌మండ్ 2005లో దివాలా అంచుదాకా వెళ్ళింది. ప్రత్యర్థి బాయర్న్ మ్యూనిక్ వాళ్ళే ఓసారి 20 లక్షల యూరోలు అప్పిచ్చి ఆదుకున్నారు.

అందుకే నేను కోరేది చిన్నది. ఓనరు డబ్బు పెట్టొద్దని కాదు, ముందే పెట్టమని. ఆటగాడికి నాలుగేళ్ళ కాంట్రాక్టు రాసేటప్పుడు, క్లబ్బు ఆదాయం దానికి చాలకపోతే, కనీసం ఒక ఏడాది జీతాల తేడా మొత్తం వేరే ఖాతాలో జమచెయ్యాలి. రేపు ఆయన మీద ఆంక్షలొచ్చినా, మనసు మారినా, ఏడాది టైమ్ దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో 2025 జులైలో చట్టం చేసి క్లబ్బులకి స్వతంత్ర నియంత్రణ సంస్థని పెట్టారు. క్లబ్బులకి లైసెన్సులు, కొత్త ఓనర్ల డబ్బు ఎక్కడిదన్న ఆరా దాని పనుల్లో ఉన్నాయి. ఆలస్యమైనా మంచి పనే. ఓనరు ఎంత గొప్పవాడన్నది ఒక్కటే కాకుండా, ఆయన తప్పుకుంటే క్లబ్బు ఏమవుతుందన్నదీ అక్కడ గట్టిగా అడగాలని నా కోరిక.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ, మనకెందుకు అనుకుంటే ఒక్కమాట. చెల్సీ ఖాతాలు ఆగిపోయిన సరిగ్గా పది రోజులకి, 2022 మార్చి 20న, గోవాలో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపితే హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మన గచ్చిబౌలి స్టేడియం జట్టు! మరుసటి సీజన్లో లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆ తర్వాతి ఏడాదికి జీతాల బకాయిలు, ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోవడం, సీజన్ మొత్తానికి ఒక్కటంటే ఒక్క గెలుపు. ఓనర్లు మారారు. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

ఆఫీసు నుంచి ఇంటికెళ్తూ ఆ స్టేడియం ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ పసుపు చొక్కాలే గుర్తొస్తాయి. నా చొక్కా ఇంకా బీరువాలోనే ఉంది. ఆ కాంటీన్ కుర్రాడు మళ్ళీ కనిపిస్తే ఈసారి అడుగుతాను, "మీ ఓనరు దగ్గర చాలా ఉంది సరే బాబూ, మీ క్లబ్బు దగ్గర ఎంతుంది?" అని.