తుపాకి కాదు, పట్టీ పానం కాపాడుతది: ఉక్రెయిన్ లడాయిల సిపాయి మోసే బరువు చెప్పే ముచ్చట

ఊర్లె ఏ అరుగు మీద చూసినా నలుగురు పోరగాండ్లు ఫోన్లు పట్టుకొని గేమ్ ఆడుతుంటరు. ఏ తుపాకికి ఎంత దెబ్బ, ఏ హెల్మెట్ ఏ లెవల్‌ది, అన్నీ నోటికొస్తయి. గేమ్‌ల గోలి తాకితే కిట్ కొడ్తరు, కొన్ని సెకండ్లల్ల పానం మల్ల నిండుతది. ఉక్రెయిన్ లడాయి వీడియోలు గూడ గిదే కంటితోటి చూస్తున్నం. "అన్నా, వాని చేతిల ఉన్నది ఏ మోడల్?" అని అడిగేటోళ్లే ఎక్కువ. వాని నడుముకు ఏమున్నదో, వీపు మీద ఎన్ని కిలోలున్నయో అడిగేటోళ్లు తక్కువ. అసలు ముచ్చటంతా గక్కడనే ఉన్నది.

ముందుగాల తుపాకి సంగతే చూద్దాం. 2022 ఫిబ్రవరిల రష్యా దండెత్తినప్పుడు రెండు దిక్కుల సిపాయిల చేతుల ఎక్కువగ ఉన్నది ఒకటే జాతి తుపాకి, ఏకే-74. సోవియట్ కాలంల 1974ల వచ్చింది. పాత ఏకే-47ల 7.62 మిల్లీమీటర్ల గోలి ఉంటే, దీంట్ల 5.45 మిల్లీమీటర్ల సన్న గోలి. సన్నది గావట్టి అదే బరువుల ఎక్కువ గోలీలు మోయొచ్చు. తర్వాత రష్యా ఏకే-12 ఇచ్చింది, ఉక్రెయిన్‌కు అమెరికా, యూరప్ దేశాల రైఫిళ్లు వచ్చినయి. గంతెందుకు, నూరేండ్ల కిందటి మాక్సిమ్ మిషిన్ గన్‌ను గూడ ఉక్రెయిన్ సిపాయిలు బంకర్లల్ల పెట్టి కాల్చిండ్రు. అంటే తుపాకి కొత్తదా పాతదా అన్నది ఈ లడాయిని తేల్చలేదు.

ఇగ బరువు లెక్క. మ్యాగజైన్ నింపితే తుపాకి నాలుగు కిలోల దగ్గర. ఒక్కో 30 గోలీల మ్యాగజైన్ అర కిలో అటిటు, గసొంటియి ఏడెనిమిది. రొమ్ముకొకటి, వీపుకొకటి కట్టుకునే కవచం పలకలు ఒక్కోటి మూడు కిలోల దాక ఉంటయి. హెల్మెట్ కిలోంబావు నుంచి కిలోన్నర. మీదికెల్లి నీళ్లు, తిండి, గ్రెనేడ్లు, రేడియో, బ్యాటరీలు, కందకం తవ్వే చిన్న పార, మందుల సంచి. అన్నీ కలిపితే 25 నుంచి 35 కిలోలు. రేషన్ బియ్యం బస్తా భుజాన ఏసుకొని మోకాళ్లలోతు బురదల కిలోమీటర్లు నడువుర్రి, గప్పుడు సమజైతది. ఫిరంగి కాడ ఉండేటోని పని ఇంక అన్యాలం. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కటి 43 కిలోల పైనే, మన యూరియా బస్తా అంత. గసొంటి గుండ్లు రోజంతా ఎత్తి పెట్టాలె.

గీ బరువుల మధ్య అరచేతిల పట్టే వస్తువు ఒకటున్నది. దాని పేరు టూర్నికెట్. ఒక పట్టీ, ఒక చిన్న కట్టె, గంతే. కాలో చెయ్యో తెగితే మీదికెల్లి గట్టిగ బిగించి నెత్తురు ఆపేది. పెద్ద నరం తెగితే మూడు నుంచి ఐదు నిమిషాలల్ల మనిషి పోతడు. అంత జల్ది ఏ డాక్టరూ రాలేడు. అందుకే సిపాయి దీన్ని ఏ చేతికైనా అందేటట్టు కవచం మీదనే పెట్టుకుంటడు. లడాయి మొదట్ల నకిలీ పట్టీలు వచ్చినయి. బిగించంగనే కట్టె విరిగింది, పట్టీ జారింది. నకిలీ విత్తనం ఏస్తే పంట పోతది, నకిలీ పట్టీ కడ్తె పానమే పోతది.

గిప్పుడు ఆ పట్టీ గూడ సాల్తలేదు. ఎందుకంటే డ్రోన్ వచ్చింది. కండ్లకు అద్దాలు పెట్టుకొని నడిపించే ఎఫ్‌పీవీ డ్రోన్ మన దగ్గర ఒక స్మార్ట్‌ఫోన్ ధరకొస్తది. దాని ముక్కుకు బాంబు కట్టి ఒక్క మనిషి ఎంబడి గూడ పంపిస్తున్నరు. ముందు వరుస నుంచి పది, పదిహేను కిలోమీటర్ల దాక బండి తిరగాలంటే భయమే. దెబ్బ తాకినోన్ని తీస్కపోను అంబులెన్స్ రాలేదు. గంటలు, ఒక్కోపారి రోజులు గడుస్తయి. పట్టీ రెండు గంటలకు మించి బిగించి ఉంటే కాలు చెడిపోయే ప్రమాదం మొదలైతది. పానం నిలిచినా కాలు పోయినోళ్లు మస్తుమంది ఉన్నరు.

అందుకే సిపాయి సామానే మారిపోయింది. డ్రోన్ దగ్గరికొస్తే గుర్తువట్టి మోగే చిన్న డబ్బా ఒకటి జేబుల పెట్టుకుంటున్నరు. ఉక్రెయినోళ్లు దాన్ని 'సుకొరోక్' అంటరు, చక్కెర అన్నట్టు. సిగ్నల్ చెడగొట్టే జామర్ మోస్తున్నరు. దానికి మందుగ సన్నటి ఫైబర్ తీగతోటి నడిచే డ్రోన్లు తెచ్చిండ్రు, వాటి మీద జామర్ పనిచేయదు. గిప్పుడు మల్ల పిట్టల్ని కొట్టే షాట్‌గన్నులు పంచుతున్నరు. రోడ్ల మీద చేపల వలలు పందిరి లెక్క కడ్తున్నరు. కోట్ల రూపాయల ట్యాంకులున్న లడాయిల ఆఖరికి మనిషిని కాపాడేది వల, పార, పట్టీ. గిది నవ్వే ముచ్చట కాదు.

గిక్కడ ఇంకో ప్రశ్న అడగాలె. మంచి సామాను ఎవలికి దొర్కుతది? 2022 సెప్టెంబర్‌ల రష్యా మూడు లక్షల మందిని పిలిచింది. వచ్చినోళ్లల్ల చానామంది కవచం, బూట్లు, మందుల సంచి సొంత పైసలతోటి కొనుక్కున్నరు. దొన్బాస్‌ల బలవంతంగ పట్టుకపోయిన కొందరి చేతుల 1891 నాటి మోసిన్ రైఫిళ్లు కనవడ్డయి. ఉక్రెయిన్‌ల గూడ సర్కారు సామాను సాలక జనం చందాలేసి కవచాలు, డ్రోన్లు కొనిచ్చిండ్రు. అక్కడ గూడ పోరగాండ్లను రోడ్ల మీద పట్టి బండెక్కిస్తున్నరని జనం మొత్తుకుంటున్నరు. పలుకుబడి ఉన్నోని కొడుకుకు మంచి జాగ, లేనోని కొడుకుకు ముందు వరుస. జెండా ఏదైనా గీ లెక్క పెద్దగ మారదు.

గీ ముచ్చట మనకెందుకు అంటరా? మన పోరగాండ్లు గూడ ఆ కందకాలల్లకు పోయిండ్రు గావట్టి. "రష్యాల హెల్పర్ పని, సెక్యూరిటీ పని, నెలకు లక్షల జీతం" అని ఏజెంట్లు ఆశవెట్టిండ్రు. హైదరాబాద్ నుంచి, నారాయణపేట దిక్కు నుంచి, పంజాబ్, గుజరాత్, కేరళ, యూపీ నుంచి పోయిండ్రు. రాని భాషల ఉన్న కాయిదాల మీద సంతకం పెట్టిచ్చుకున్నరు. కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చి చేతికి తుపాకిచ్చిండ్రు. మన దగ్గర అగ్నివీర్‌కు గూడ నెలల తరబడి ట్రైనింగ్ ఉంటది. 2024 మార్చిల హైదరాబాద్ పిలగాడు ఒకడు ఆ లడాయిల సచ్చిపోయిండు. అదే నెలల సీబీఐ కేసు పెట్టింది. 2025 జనవరిల విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి బయటికొచ్చిన కేసులు 126. అందుల 96 మంది తిరిగొచ్చిండ్రు, 12 మంది సచ్చిపోయిండ్రు, 16 మంది జాడ తెల్వది.

ఆ పన్నెండు మందికి ఏ కవచమిచ్చిండ్రు? పట్టీ ఎట్ల బిగించాల్నో ఎవలన్న నేర్పిండ్రా? కాలు తెగినప్పుడు "నీళ్లు" అని అడగనీకి ఆడి భాషల ఒక్క మాటన్న వచ్చా? గేమ్‌ల మనకు కనవడని సామాను గిదే. భాష, ట్రైనింగ్, పక్కన మనోడు ఉండుడు. ఇవి లేని మనిషికి ఏ తుపాకి ఇచ్చినా అది నాలుగు కిలోల ఇనుమే.

ఏజెంట్లను ఒక్కళ్లనే అంటే గూడ సరిపోదు. డిగ్రీ పట్టుకొని పనికోసం తిరిగేటోడు, ఇంటి మీద అప్పున్నోడు, గల్ఫ్ దారి బందైనోడు ఏ మాటన్నా నమ్ముతడు. కొలువులు లేని ఊరే ఏజెంటుకు అడ్డా. లడాయిల మన పోరగాండ్లు సచ్చినంక శవాలు తెచ్చుడు ఒక్కటే సర్కారు పని కాదు. విమానం ఎక్కకముందే ఆపాలె, మోసం చేసినోనికి శిక్ష పడేదాక కేసు నడవాలె.

మన చేతుల ఉన్నది గూడ కొంత ఉన్నది. బయటి దేశం పని అంటే ఏజెంటు రిజిస్టర్ అయినోడా కాదా ఈ-మైగ్రేట్ సైట్‌ల చూసుకోవాలె. చదవరాని కాయిదం మీద ఏలిముద్ర గూడ పెట్టొద్దు. విజిట్ వీసా మీద కొలువు అంటే ఆడనే ఆగాలె. పాస్‌పోర్టు ఎవల చేతికీ ఇయ్యొద్దు. అరుగు మీద గేమ్ ఆడే తమ్ముళ్లూ, ఈసారి లడాయి వీడియో చూసినప్పుడు తుపాకి మోడల్ తర్వాత చూడుర్రి. ముందుగాల ఆ పిలగాని కవచం మీద పట్టీ ఉన్నదా లేదా చూడుర్రి. లేకుంటే, వాన్ని పంపినోళ్లకు వాడు ఇంటికి మర్లొచ్చే సోయే లేదన్నట్టు.