బడి ఏప్రిల్‌లో, బోనసు దీపావళికా?



తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతంలో మిల్లుపని చేసే మన ఇళ్లలో బడి ఫీజు గడువు వచ్చిందంటే మెడలో గొలుసు కుదువకొట్టుకు పోవలసిందే. బోనసు చేతికి వచ్చేది దీపావళికి. లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లోగా బోనసు చెల్లిస్తే చాలునని చట్టం యాజమాన్యానికి వెసులుబాటు ఇచ్చింది. మార్చి 31తో లెక్క ముగిస్తే నవంబరు ఆఖరు దాకా గడువు! మన పిల్లల ఫీజుకు ఏ బడి ఇస్తుంది అంత గడువు?

రాష్ట్ర బోర్డు బడులు జూన్‌లో తెరుస్తారు. సీబీఎస్ఈ బడులకు ఏప్రిల్‌లోనే కొత్త సంవత్సరం. మెట్రిక్ బడి బోర్డు మార్చుకుంటే మనకేమి అనుకోవద్దు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో పదివేలు తెచ్చామనుకోండి. జూన్ మొదట్లో తెచ్చి అక్టోబరు ఆఖరున బోనసుతో తీరిస్తే వడ్డీ 1,000 రూపాయలు. అదే ఏప్రిల్ మొదట్లో తెస్తే 1,400. ఇద్దరు పిల్లలుంటే 800 రూపాయలు అదనపు నష్టం. బడి తేదీ మారినందుకే ఈ దండుగ!

సర్కారు బడిలో పుస్తకాలు, యూనిఫారం, బస్ పాసు ఉచితం కదా, అక్కడే చేర్చండి అని యాజమాన్యం నీతులు చెబుతుంది. మేనేజర్ల పిల్లలు ఏ బడిలో ఉన్నారో ముందు చెప్పమనండి.

తేదీ వెనక్కి జరిగినా దెబ్బ మనకే. 2023లో ఎండల వల్ల జూన్ 1న తెరవవలసిన బడులు మొదట 7కు, తర్వాత 12కు జరిగాయి. ఒకటి నుండి ఐదు తరగతులకు 14 అయింది. పసిపిల్లలను ఎండల్లో బడికి పంపమని మేము అనడం లేదు, ఆ వాయిదా న్యాయమే. కాని అన్ని రోజులూ బడిలో మధ్యాహ్న భోజనం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు లేకపోతే తల్లి షిఫ్టు మానుకోవాలి, కూలి పోగొట్టుకోవాలి. ఆ రోజులకు ఫీజు తగ్గించిన ప్రైవేటు బడి మాకు కనబడలేదు.

బడి అడ్వాన్సు కావాలని మేము డిమాండ్ చేస్తున్నాము. సీబీఎస్ఈ పిల్లలకు మార్చిలో, మిగతావారికి మేలో ఇవ్వాలి. వడ్డీ లేకుండా పది నెలల వాయిదాల్లో జీతంలో పట్టుకోవాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇవ్వాలి, వాళ్ల పిల్లలూ పిల్లలే. పండగ అడ్వాన్సు ఇవ్వడం ఎరిగిన యాజమాన్యాలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఫీజు రశీదులు, కుదువ చీటీల నకళ్లు సంఘం ఆఫీసుకు తెచ్చివ్వండి. చర్చలకు వెళ్లినప్పుడు బల్లమీద ముందు వాటినే పెడతాము.