అవతలివాళ్లు ఏది వాడితే మనమూ అదే

ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పిన మెకానిక్ అరిగిపోయిన బేరింగును గుడ్డతో తుడిచి, అట్టముక్క మీద పెట్టి, పక్కనే టేపు పరిచి ఫొటో తీస్తాడు. నాలుగు రోడ్ల అవతలున్న స్పేర్ పార్టుల షాపుకి వాట్సాప్‌లో పంపి, మైకు గుర్తు నొక్కిపట్టి "అన్నా, ఇదే సైజు, కంపెనీ సరుకే కావాలి" అంటాడు. ఒక్క అక్షరం టైపు చెయ్యడు. గ్రీజు చేతులతో చెయ్యలేడు కూడా. షాపాయన సరుకు ఫొటో పెట్టి, రేటు నోటితోనే చెబుతాడు. కుర్రాడు బండేసుకుని వెళ్లి తెచ్చేస్తాడు. సిగ్నల్ ఎందుకు వాడవు, టెలిగ్రామ్ ఎందుకు వాడవు అని అడిగితే, "షాపులవాళ్లంతా ఇందులోనే ఉన్నారు కదండీ" అంటాడు.

ఏ యాప్ వేగం, ఏది భద్రం, ఎందులో ఎంత పెద్ద ఫైలు వెళ్తుంది అంటూ మనం పోలికలు చూస్తుంటాం. ఆ పోలికలు చదివి యాప్ మార్చుకున్నవాళ్లు మాత్రం మన చుట్టూ పెద్దగా కనపడరు. ఎందుకంటే ఎంచుకునేది మనం కాదు, అవతలి మనిషి. మాట్లాడుకునే ఇద్దరిలో ఎవరికి ఇబ్బంది ఎక్కువో, వాళ్ల మాటే చెల్లుతుంది.

వాట్సాప్ ఇక్కడ పాతుకుపోయింది అందువల్లే. ఒకప్పుడు జనవరి ఒకటికీ, పెద్ద పండగలకీ ఎస్సెమ్మెస్ ప్యాకులు పనిచేసేవి కావు, మెసేజీకి ఇంతని డబ్బు కోసేవారు. 2011లో స్పామ్‌ను అరికట్టే పేరుతో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకి మొదట 100, తర్వాత 200 ఎస్సెమ్మెస్‌లని పరిమితి పెట్టింది. 2009లో పుట్టిన వాట్సాప్ అదే రోజుల్లో చవక నోకియా ఫోన్లలోనూ పనిచేసింది. పాస్‌వర్డ్ లేదు, ఈమెయిల్ అక్కర్లేదు, ఫోన్ నంబరుంటే చాలు. 2013లో వాయిస్ మెసేజ్ వచ్చాక, తెలుగు టైపింగ్ రానివాళ్లూ చదువు రానివాళ్లూ కూడా హాయిగా కబుర్లు పంపుకోసాగారు. 2016 సెప్టెంబరులో జియో ఉచితంగా డేటా ఇవ్వడంతో ఇక అడ్డు లేకపోయింది. కైకలూరు వైపు రొయ్యల రైతు ఇవాళ కౌంటువారీ రేట్లు గ్రూపులో చూసుకున్నాకే పట్టుబడి పెట్టుకుంటాడు.

అవతలివాళ్లు మారితే యాప్ కూడా మారుతుంది. విజయవాడలో గదులు తీసుకుని గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదివేవాళ్లకి టెలిగ్రామ్ లేనిదే రోజు గడవదు. ఒక గ్రూపులో 2 లక్షల మంది వరకూ ఉండొచ్చు. 2 జీబీ ఫైలు వెళ్తుంది. నిన్న చేరినవాడికి కూడా నిరుటి పీడీఎఫ్ దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మాయిలు తమ ఫోన్ నంబరు కనపడకుండా వేలమంది అపరిచితుల మధ్య కూర్చుని చదువుకోగలరు.

దుబాయ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఇంకో సంగతి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ, ఫోన్ కాల్ కలవదు. అక్కడి నిబంధనలు అలాంటివి. అందుకే ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటివి వేసుకోవాలి. నెట్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఐమో వాడతారు. అదే అమెరికాకి వెళ్లిన గుడివాడ కుర్రాడు తోటి ఉద్యోగులతో ఐఫోన్ ఐమెసేజ్‌లో మాట్లాడి, అమ్మతో మాట్లాడ్డానికి వాట్సాప్ తెరుస్తాడు. అమ్మ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్. మనవడి మొహం చూడాలంటే ఏ బొమ్మ నొక్కాలో ఆమె ఒక్కసారి నేర్చుకుంది. మళ్లీ మళ్లీ నేర్చుకోమనడం న్యాయం కాదు.

మరి ఇందులో చిక్కేమిటి? జనం ఒక యాప్‌ని ఇష్టపడటం తప్పు కాదు. నచ్చకపోయినా వదల్లేకపోవడమే చిక్కు. 2021 జనవరిలో వాట్సాప్ తన ప్రైవసీ నిబంధనలు మార్చి, ఒప్పుకుంటేనే వాడుకోండి అన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. లక్షలమంది సిగ్నల్ వేసుకున్నారు. చుట్టాలు రాలేదు, వీళ్లే వెనక్కి వచ్చారు. ఆ నిబంధనల విషయంలోనే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకి 213.14 కోట్ల జరిమానా వేసింది. మన దేశపు హైక్ మెసెంజర్ 2021లోనే మూతపడింది. జోహో వారి మెసేజింగ్ యాప్ అరట్టైకి 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రులే ప్రచారం చేశారు. డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి గానీ, ఇంటి గ్రూపులూ బేరాల గ్రూపులూ ఉన్నచోటే ఉండిపోయాయి.

భద్రత గురించి ఒక అపోహ కూడా తొలగాలి. టెలిగ్రామ్ అంటే గుట్టు అని మన కుర్రాళ్ల నమ్మకం. నిజానికి వాట్సాప్‌లో, సిగ్నల్‌లో రాసుకున్నది పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప మధ్యలో కంపెనీకి కనపడదు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌కి ఆ రక్ష లేదు, విడిగా సీక్రెట్ చాట్ తెరిస్తేనే ఉంటుంది. అయితే ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరం వాట్సాప్ దగ్గర చేరుతుంది. లాభాపేక్ష లేని సంస్థ నడిపే సిగ్నల్ అది కూడా దాచుకోదు. ఇంతటి తేడా తెలిసినవాళ్లు కూడా కదల్లేని పరిస్థితి మనది.

ఇప్పుడు ప్రభుత్వమే ఆ ముడిని మరింత బిగించింది. 2025 జనవరి 30న మన ఆంధ్రప్రదేశ్ 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచి పని. సర్టిఫికెట్ కోసం ఒక పూట కూలి వదులుకుని ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పితే ఎవరు కాదంటారు? కానీ ప్రజల కౌంటరు ఒక ప్రైవేటు కంపెనీ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ ఇల్లు వదిలి వెళ్లే స్వేచ్ఛ పౌరుడికి ఇంకా తగ్గిపోతుంది.

దీనికి మందు ఇంకో కొత్త యాప్ కాదు. ఉన్న యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. 2016లో వచ్చిన యూపీఐని చూడండి. కొనేవాడు ఫోన్‌పే, అమ్మేవాడు గూగుల్ పే. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ బండి దగ్గరా "మీది ఏ యాప్?" అని ఎవరూ అడగరు. డబ్బుకి సాధ్యమైంది మాటకి ఎందుకు కాదు? అరట్టై కూడా యూపీఐలాగా, ఈమెయిల్‌లాగా అందరితో కలవాలని జోహో వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు స్వయంగా అన్నారు. ఐరోపా అయితే డిజిటల్ మార్కెట్స్ చట్టం కింద, ఇతర యాప్‌లు అడిగితే తలుపు తియ్యాల్సిన బాధ్యతను వాట్సాప్ మీద 2024 మార్చి నుంచే పెట్టింది. తలుపులు తెరిస్తే స్పామ్ పెరుగుతుంది, గుట్టు పోతుంది అంటారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. అందుకే ఐరోపా చట్టం భద్రత ఏమాత్రం తగ్గకుండానే కలపాలని షరతు పెట్టింది.

అలాంటి చట్టం ఇక్కడ చెయ్యాల్సింది ఢిల్లీ. అమరావతి చెయ్యగలిగినవి రెండున్నాయి. వాట్సాప్‌లో ఇచ్చే ప్రతి సేవనూ కనీసం మరో రెండు యాప్‌లలోనూ ఇవ్వాలి. ఊరి సచివాలయం కౌంటరులో అదే పనికి అంతే మర్యాద దక్కేలా చూడాలి. ఫోన్ లేని ముసలమ్మకీ, ఆ కంపెనీ వద్దనుకున్న కుర్రాడికీ ప్రభుత్వం సమానంగా అందాలి. ఇది ఎవరి దయో కాదు, పన్నుకట్టే ప్రతి మనిషికీ ఉన్న హక్కు.