మధ్యలో ఆగిన పరిశోధనకు ఒక పట్టా

రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో ఓపెన్‌కాస్ట్ గనుల వెంట లేచిన ఓబీ మట్టి గుట్టలు సస్యశాస్త్రానికి పెద్ద సవాలు. సేంద్రియ కర్బనం, నత్రజని తక్కువగా ఉండి, నీటిని నిలుపుకోలేని ఆ మట్టిలో పచ్చిరొట్ట పైర్లు, పశువుల ఎరువు, థర్మల్ కేంద్రపు బూడిద ఎంతవరకు పనిచేస్తాయో కొన్ని వానాకాలాలు గమనిస్తే తప్ప తేలదు. ఇటువంటి అంశంపై పిహెచ్.డి.లో చేరిన విద్యార్థి మూడవ ఏట వైదొలగితే విశ్లేషణ ఫలితాలు బీరువాలో మిగిలిపోతాయి. విద్యార్థి వట్టి చేతులతో ఇల్లు చేరతాడు.

వైదొలగడాన్ని అసమర్థతగా భావించడం పరిపాటి. బొగ్గు గనుల ప్రాంతంలో కారణాలు తరచు ఇంటివైపు నుంచే వస్తాయి. సింగరేణిలో కార్మికుడు వైద్యపరంగా అన్‌ఫిట్ అయితే అతని వారసులకు కారుణ్య నియామకపు అవకాశం ఉంది. దానికి వయోపరిమితి కూడా ఉంది; సిద్ధాంత గ్రంథం ముగిసేదాకా అది ఆగదు. కుటుంబ భారాన్ని తలకెత్తుకున్న యువతీయువకులు ఉద్యోగాన్ని ఎంచుకుంటే తప్పుపట్టడం న్యాయం కాదు.

2022 నాటి యూజీసీ నిబంధనలు పిహెచ్.డి.కి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు గడువు విధించాయి. ఒకప్పుడు నడిమి మెట్టుగా ఉపకరించిన ఎం.ఫిల్.ను అవే నిబంధనలు నిలిపివేశాయి. జాతీయ విద్యావిధానం–2020 డిగ్రీ స్థాయిలో మధ్యలో నిష్క్రమించే వారికి చదివిన కాలాన్ని బట్టి ధ్రువపత్రాన్ని సూచించింది. అదే సూత్రం పరిశోధక విద్యార్థికీ వర్తించాలి. అమెరికా విశ్వవిద్యాలయాలు అనేకం నిర్ణీత క్రెడిట్లు పూర్తి చేసి వైదొలగే వారికి మాస్టర్స్ పట్టా ఇస్తున్నాయి.

అయితే వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ఎం.ఎస్‌సి. (అగ్రికల్చర్) చదివినవారే పిహెచ్.డి.లో చేరతారు. వారికి అదే పట్టాను మళ్లీ ఇవ్వడం అర్థరహితం. కనుక భూపునరుద్ధరణ, నేల ఆరోగ్యం, విస్తరణ వంటి అనువర్తిత రంగాల్లో భిన్నమైన మాస్టర్స్ పట్టాను రూపొందించడం ఉచితం.

ఇది పిహెచ్.డి. విలువను తగ్గిస్తుందనే ఆక్షేపణ సహజమే. పరీక్ష లేకుండా పంచితే ఆ ప్రమాదం నిజమవుతుంది. అందుచేత మూడు షరతులు అవసరం: కోర్సు వర్క్ పూర్తికావాలి, కనీసం ఒక పంటకాలపు ప్రయోగ ఫలితాలతో లఘు పరిశోధన నివేదిక సమర్పించాలి, బయటి పరీక్షకుని ఎదుట మౌఖిక పరీక్షలో నెగ్గాలి. ముడి దత్తాంశాలను విభాగానికి అప్పగించడం కూడా తప్పనిసరి చేస్తే, తదుపరి విద్యార్థి అదే గుట్టపై పనిని మొదటినుంచి కాక ఆగినచోటినుంచి కొనసాగించగలడు.

ఎండిన పంటను సైతం రైతు పశుగ్రాసంగా వాడుకుంటాడు. ప్రజాధనంతో, యువత శ్రమతో సాగిన పరిశోధన విషయంలో విశ్వవిద్యాలయాలు అంతటి పొదుపైనా పాటించాలి. విద్యా మండళ్లు ఈ ప్రతిపాదనను చర్చకు స్వీకరించవలసిన సమయమిది.