భయం అవిశ్వాసం కాదు

అరికాలి పుట్టుమచ్చ పెరిగి రంగు మారిందని, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమని డాక్టరుగారు చీటీ రాస్తే ఎవరికైనా నిద్ర పట్టదు. ఆ భయం అవిశ్వాసం కాదు. కానీ "ఇంకొన్నాళ్లు ప్రార్థన చేసి చూద్దాం" అని ఆగిపోవడాన్ని నేను విశ్వాసం అనను.

చావు రోగంతో హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు.

అనుమానం అంటే క్యాన్సర్ అని తేలినట్టు కాదు. తేల్చేది ముక్క తీసి చేసే పరీక్షే. కత్తి తగిలితే పాకుతుందన్న మాట నమ్మకండి. ఒకవేళ క్యాన్సరే అయినా, తొలిదశలో తీసేస్తే చాలావరకు నయమవుతుంది.

రాత్రి మీ భయమంతా ప్రభువుకు చెప్పుకోండి. తెల్లవారగానే బస్సెక్కండి. ఒంటరిగా వద్దు, సంఘంలో ఒకరిని తోడు తీసుకెళ్లండి.